పత్రికల తరఫున బారిస్టర్ అంబేద్కర్

ఏటా ఏప్రిల్ 14 వస్తుంది. హాస్టల్లో ఉపన్యాస పోటీ పెడతారు. "రాజ్యాంగ నిర్మాత", "బడుగుల ఆశాజ్యోతి", "ప్రపంచ మేధావి" అని మొదలుపెట్టి, మహద్ చెరువు, పూనా ఒడంబడిక, నాగపూర్ దీక్షాభూమి మీదుగా సాగి జై భీమ్‌తో ముగిస్తాం. నేనూ రెండేళ్ళు అలాగే మాట్లాడి ఒకసారి స్టీలు గ్లాసు, ఇంకోసారి టిఫిన్ బాక్సు గెలుచుకున్నాను. ఆ ఉపన్యాసాల్లో ఒక మనిషి మాత్రం ఎప్పుడూ కనిపించడు. నల్లకోటు వేసుకుని, కేసు కట్ట చంకన పెట్టుకుని, ఎవరో రాసిన పుస్తకం కోసం, ఎవరో నడిపిన పత్రిక కోసం కోర్టులో నిలబడి వాదించిన బారిస్టర్ అంబేద్కర్.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ఆ బారిస్టర్ గురించే రాయాలనిపించింది. నేను ఈ హాస్టల్ పూర్వ విద్యార్థిని. ఇప్పుడు ఒక జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. పత్రికా స్వేచ్ఛ అనగానే మనవాళ్ళలో చాలామంది "అది పేపర్ల యజమానుల గొడవ, మనకెందుకన్నా?" అంటారు. ఆ మాటతోనే నాకు పేచీ. సొంత పేపరు ఉన్నవాడికి డబ్బుంది, పలుకుబడి ఉంది, పెద్ద లాయర్లున్నారు. ఏమీ లేకుండా నోరు తెరవాలనుకునే వాడికే ఆ స్వేచ్ఛ ఎక్కువ అవసరం. ఈ సంగతి బాబాసాహెబ్ పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, అనుభవించి తెలుసుకున్నారు.

1920 జనవరి 31న "మూక్‌నాయక్" పక్షపత్రిక మొదలైంది. మూగవాళ్ళ నాయకుడు అని అర్థం. కొల్హాపూర్ మహారాజు సాహూ ఛత్రపతి రూ. 2,500 సాయం చేశారు. బాబాసాహెబ్ అప్పుడు సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు, అంటే సర్కారు కొలువు. అందుకని సంపాదకుడిగా పాండురంగ భట్కర్ పేరు వేశారు. కొత్త పత్రిక వస్తోందని నలుగురికీ తెలియాలి కదా, పూణె నుంచి వచ్చే "కేసరి"లో ప్రకటన వేయమని అడిగారు. డబ్బు ఇస్తామన్నా కేసరి వేయలేదు. తిలక్ అప్పటికి జీవించే ఉన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అదే కేసరిలో రాసిన రాతలకు తెల్లదొరలు తిలక్‌ను రాజద్రోహం కింద 1897లో ఒకసారి, 1908లో ఇంకోసారి జైల్లో పెట్టారు. రెండోసారి ఆరేళ్ళ శిక్ష, మాండలే జైలు. అదే 1908లో మన బెజవాడలో "స్వరాజ్య" పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కూడా రాజద్రోహం కేసులోనే జైలుకు పంపారు. అవి గొప్ప త్యాగాలే, నేను కాదనను. కానీ సర్కారు నోరు నొక్కితే దేశమంతా వార్త అవుతుంది. సమాజం నోరు నొక్కితే ఒక ప్రకటన వెనక్కి పంపడంతో సరిపోతుంది, ఎవరికీ తెలియదు. మన నోళ్ళు ఎక్కువగా ఈ రెండో పద్ధతిలోనే మూతపడ్డాయి.

తర్వాత బాబాసాహెబ్ మళ్ళీ లండన్ వెళ్ళి, గ్రేస్ ఇన్‌లో బారిస్టర్ అయి, 1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అమెరికా పట్టా, లండన్ పట్టా, బారిస్టరీ అన్నీ ఉన్నాయి. కేసులు లేవు. ఆ హైకోర్టు ఒరిజినల్ సైడులో పని సొలిసిటర్ల చేతుల మీదుగా రావాలి. అంటరాని కులం బారిస్టర్‌కి పిలిచి కేసు ఇచ్చే సొలిసిటర్ ఎవడు? అందుకని అప్పీళ్ళు, జిల్లా కోర్టుల కేసులు చూసుకున్నారు. ఇల్లు గడవడానికి 1925 నుంచి 1928 దాకా బాట్లీబాయ్ అకౌంటెన్సీ సంస్థలో మర్కంటైల్ లా పాఠాలు చెప్పారు. మొదటి మూడేళ్ళు రూము అద్దె కట్టడానికి ట్యూషన్లు చెప్పుకున్న నాలాంటి జూనియర్లకు ఈ భాగం చదివితే కొంచెం ధైర్యం వస్తుంది.

ఆ గడ్డు రోజుల్లోనే 1926లో పూణె కేసు వచ్చింది.

దినకరరావు జవల్కర్ అనే బ్రాహ్మణేతర ఉద్యమ యువకుడు మరాఠీలో "దేశాచే దుష్మన్" అనే పుస్తకం రాశాడు. దేశానికి శత్రువులు అని అర్థం. ఆ శత్రువులుగా అతను పేర్కొన్నది ఎవరినో కాదు, విష్ణుశాస్త్రి చిప్లూంకర్‌ని, లోకమాన్య తిలక్‌ని. జ్యోతిరావు ఫూలేను చిప్లూంకర్ తన రాతల్లో ఎంత హేళన చేశాడో తెలిసినవాళ్ళకు ఈ పుస్తకం ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. భాష మాత్రం చాలా ఘాటైనది, మర్యాదస్తులు చదివి తట్టుకునేది కాదు. ప్రచురించింది కేశవరావు జేధే. పూణెలో పరువు నష్టం కేసు పడింది. రాసినవాడితో పాటు ప్రచురించినవాడు, ముందుమాట రాసినవాడు కూడా ముద్దాయిలే. మేజిస్ట్రేటు కోర్టు జైలు శిక్షలు వేసింది.

అప్పీలు బాబాసాహెబ్ చేతికి వచ్చింది. మామూలు లాయరైతే ఆవేశంగా వాదించి ఉండేవాడు. ఫూలే గొప్పతనం, తిలక్ తప్పులు అని రెండు గంటలు ఉపన్యసించేవాడు. బాబాసాహెబ్ చట్టం పుస్తకం తెరిచారు. చనిపోయిన వ్యక్తి పరువు తీశారని కేసు పెట్టాలంటే శిక్షాస్మృతి 499వ సెక్షన్ ప్రకారం ఆ రాత ఆ వ్యక్తి కుటుంబాన్నో, దగ్గరి బంధువులనో నొప్పించే ఉద్దేశంతో రాసినదై ఉండాలి. ఫిర్యాది చూస్తే దూరపు చుట్టం. ఆ మెలిక పట్టుకున్నారు. అక్టోబరు 1926లో సెషన్స్ కోర్టులో అప్పీలు గెలిచారు, ముద్దాయిలు విడుదలయ్యారు. బారిస్టర్‌గా ఆయనకు పేరు తెచ్చిన మొదటి పెద్ద కేసు ఇదే అంటారు.

ఈ కేసులో నాకు నచ్చేది గెలుపు కాదు. పుస్తకంలోని ప్రతి మాటా నిజమని బాబాసాహెబ్ కోర్టులో నిరూపించబోలేదు. ఘాటుగా రాసినంత మాత్రాన మనిషిని జైల్లో వేయడానికి చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది అన్న ఒక్క ప్రశ్నే వేశారు. ఆరేళ్ళ క్రితం తన పత్రిక ప్రకటనను వెనక్కి పంపిన కేసరి మనుషుల మీద కోపం తీర్చుకునే అవకాశం అది. ఆయన దాన్ని న్యాయశాస్త్రం పాఠంగా మార్చారు. ఇప్పటికీ పరువు నష్టం కేసు నా బల్ల మీదికి వస్తే మొదట చూసేది ఇదే: అసలు ఫిర్యాదు చేయడానికి ఇతనికి హక్కుందా? సగం కేసులు అక్కడే నీరుగారిపోతాయి.

పూణె కేసులో కక్షిదారులు ఫూలే బాటలో నడిచిన వాళ్ళు, అంటే మన వైపు మనుషులే. అలాంటి వాళ్ళ కోసం వాదించడంలో వింతేముంది అనొచ్చు. 1934 కేసు అలాంటిది కాదు. నా లెక్కలో ఇది అంతకన్నా పెద్దది.

బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అనే ఆయన ఉండేవాడు. వితంతు వివాహాల కోసం, స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మహర్షి కర్వే పెద్దకొడుకు. పుట్టుకతో చిత్పావన బ్రాహ్మణుడు, చదువు గణితం, ఉద్యోగం కాలేజీ ప్రొఫెసరు. కుటుంబ నియంత్రణ గురించి ప్రచారం చేస్తున్నాడని ఉద్యోగం పోయింది. 1921లోనే సంతాన నిరోధ సలహా కేంద్రం పెట్టాడు. 1927 జూలైలో "సమాజ్ స్వాస్థ్య" అనే మాసపత్రిక మొదలుపెట్టి 1953లో చనిపోయేదాకా నడిపాడు. లైంగిక ఆరోగ్యం గురించి సిగ్గుపడకుండా, శాస్త్రీయంగా రాయడం ఆ పత్రిక పని. 1931లోనే అశ్లీలం అని కేసు పెట్టి జరిమానా వేశారు. మానలేదు. పాఠకులు ఉత్తరాల్లో అడిగిన ప్రశ్నలకు జవాబులు అచ్చువేశాడు. హస్తప్రయోగం, స్వలింగ సంపర్కం లాంటి మాటలు అందులో ఉన్నాయి. 1934లో మళ్ళీ అరెస్టు చేశారు.

ఈసారి కర్వే తరఫున బాబాసాహెబ్ నిలబడ్డారు. ఆయన స్థితి ఒకసారి ఆలోచించండి. పూనా ఒడంబడిక జరిగి రెండేళ్ళు కూడా కాలేదు. దేశంలో సగం పత్రికలు ఆయన్ని రోజూ తిట్టిపోస్తున్నాయి. కాలారామ్ గుడి ప్రవేశ పోరాటం అయిదో ఏట పడింది. ఇలాంటి సమయంలో "బూతు పత్రిక" కేసు నెత్తిన వేసుకోవడం ఏ రాజకీయ నాయకుడైనా చేస్తాడా? శత్రువులకు ఒక ఆయుధం అందించినట్టే కదా? పైగా కర్వే మనవాడు కాదు, ఆ కేసు వల్ల అంటరాని ప్రజలకు ఒరిగేదీ లేదు. ఇవాళ అయితే "మన సమస్యలే బోలెడు ఉండగా ఇదెందుకు సార్?" అని అనుచరులే అడ్డం పడతారు.

ఆయన వాదన తేలిగ్గా అర్థమయ్యేది. లైంగిక విషయం రాసినంత మాత్రాన అది అశ్లీలం కాదు. తెలియక బాధపడుతున్న మనిషి ప్రశ్న అడిగాడు. ఆ విషయాల కోసమే పెట్టిన పత్రిక జవాబు చెప్పింది. జవాబు చెప్పకూడదంటే పత్రిక మూసుకోమన్నట్టే. వికృతమైన ప్రశ్నలకు జవాబెందుకని ఎదుటి పక్షం అంటే, హావ్‌లాక్ ఎల్లిస్ లాంటి శాస్త్రజ్ఞుల పరిశోధనలను ముందు పెట్టారు. చీకటిని తిట్టి పంపేస్తే పోదు, జ్ఞానం ఇస్తే పోతుందన్నది ఆ వాదన సారం. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. కేసు ఓడిపోయారు. కర్వేకి రూ. 200 జరిమానా పడింది.

ఓడిపోయారు కాబట్టే మన ఉపన్యాసాల్లో ఈ కేసు ఉండదనుకుంటాను. అప్పట్లో కోర్టులు అశ్లీలాన్ని కొలిచే బద్ద 1868 నాటి ఇంగ్లీషు తీర్పు, హిక్లిన్ కేసు. చెడిపోయే మనసున్న వాడి చేతిలో ఆ కాగితం పడితే చెడిపోతాడా అన్నదే అందులో కొలత. అంటే అందరికంటే బలహీనమైన మనసున్న వాడిని బట్టి అందరి చదువునూ కత్తిరించడం. మన సుప్రీంకోర్టు ఆ బద్దను 2014లో అవీక్ సర్కార్ కేసులో పక్కన పారేసింది. సరిగ్గా ఎనభై ఏళ్ళు. ముందు నడిచే లాయర్లు కొన్ని కేసులు తమ కాలంలో ఓడిపోతారు. బాబాసాహెబ్ మాత్రం ఆ విషయాన్ని కోర్టు మెట్ల దగ్గర వదిలేయలేదు. 1938 నవంబరులో ఆయన పార్టీ తరఫున పి.జె. రోహమ్ బొంబాయి అసెంబ్లీలో సంతాన నియంత్రణ ప్రతిపాదన తెచ్చారు. అది కూడా నెగ్గలేదు.

తన రాత విషయంలోనూ ఆయన ఇంతే. 1936లో లాహోర్ జాత్-పాత్-తోడక్ మండల్ వాళ్ళు అధ్యక్షోపన్యాసంలో కొన్ని భాగాలు తీసేయమంటే, కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. సొంత ఖర్చుతో 1,500 కాపీలు అచ్చువేశారు. అదే "కుల నిర్మూలన".

అలాగని పత్రికలంటే ఆయనకు గుడ్డి అభిమానమేమీ లేదు. ఒకప్పుడు వృత్తిగా ఉన్న పత్రికా రచన వ్యాపారమైపోయిందని, సబ్బుల తయారీకి ఉన్నంత నీతే దానికీ ఉందని 1943లో పూణెలో రనడే మీద చేసిన ప్రసంగంలో కడిగిపారేశారు. ఇప్పటి టీవీ చర్చలు చూస్తే ఏమనేవారో మీరే ఊహించుకోండి. పత్రికల్ని ఇంతగా విమర్శించిన మనిషే పత్రికల తరఫున వాదించాడు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

దీనికి జవాబు రాజ్యాంగ సభలో దొరుకుతుంది. 1948 డిసెంబరులో ప్రాథమిక హక్కుల చర్చ జరుగుతున్నప్పుడు పత్రికా స్వేచ్ఛ అని విడిగా రాయాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. అవసరం లేదన్నారు బాబాసాహెబ్. పత్రికకు పౌరుడికి లేని ప్రత్యేక హక్కంటూ ఏదీ లేదు. సంపాదకుడూ పౌరుడే, మేనేజరూ పౌరుడే. వాళ్ళు రాస్తున్నప్పుడు పౌరుడిగా తమ భావప్రకటన హక్కునే వాడుకుంటున్నారు అని వివరించారు. అందుకే మన రాజ్యాంగం 19(1)(ఎ)లో "పత్రిక" అన్న మాటే కనిపించదు. కొందరు పాత్రికేయులు దీన్ని లోటంటారు. నాకైతే ఇదే మన ఆస్తి అనిపిస్తుంది. లక్షల కాపీలు వేసే దినపత్రిక సంపాదకుడికి ఎంత హక్కుందో, డ్రాయింగ్ షీటు మీద స్కెచ్ పెన్నుతో రాసే తొమ్మిదో తరగతి పిల్లవాడికీ అంతే ఉంది.

డ్రాయింగ్ షీటు అని ఊరికే అనలేదు. (ఇది మన హాస్టల్ సంగతి కాదు, అంతకుముందు చదివిన ఇంకో చోటు సంగతి. పేరు అనవసరం.) అక్కడ మేం గోడపత్రిక పెట్టేవాళ్ళం. కవితలు, సామెతలు, పొడుపు కథలు. ఒకసారి మా ఏడో తరగతి వాడొకడు రెండు వరుసల పట్టిక గీశాడు. ఎడమవైపు మెనూ చార్టు ప్రకారం వారానికి ఇవ్వాల్సిన గుడ్లు, అరటిపండ్లు. కుడివైపు ఆ నెలలో నిజంగా వచ్చినవి. ఒక్క విమర్శ లేదు, ఒక్క తిట్టు లేదు, అంకెలే. మర్నాడు పొద్దున్నకి షీటు లేదు. అంటించిన అన్నం మెతుకులు గోడ మీద నాలుగు మూలలా ఎండిపోయి ఉన్నాయి. తర్వాతి సంచిక నుంచి వార్డెన్ గారు ముందుగా చూసి సంతకం పెడితేనే అంటించాలన్నారు. దాన్ని ముందస్తు సెన్సార్ అంటారని లా కాలేజీకి వెళ్ళాక తెలిసింది. ఆ వారం గుడ్లు మాత్రం లెక్క ప్రకారం వచ్చాయి.

ఇక చెప్పకుండా దాటేయలేని విషయం ఒకటుంది. 1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. బొంబాయి నుంచి రొమేష్ థాపర్ నడిపే "క్రాస్ రోడ్స్" అనే వామపక్ష వారపత్రికను మద్రాసు రాష్ట్రంలోకి రానీయకుండా అక్కడి ప్రభుత్వం నిషేధించింది. అప్పటి మద్రాసు రాష్ట్రమంటే కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అందులోనివే. ఢిల్లీలో "ఆర్గనైజర్" పత్రికపై ముందస్తు సెన్సార్ పెట్టారు. ఒకటి ఎడమ, ఒకటి కుడి. కోర్టు రెండు ఉత్తర్వులనూ కొట్టేసింది. ప్రభుత్వం మరుసటి ఏడాదే మొదటి సవరణ తెచ్చి, శాంతిభద్రతల పేరుతో, నేరానికి ప్రేరేపించడం పేరుతో ఆంక్షలు పెట్టే అధికారం సంపాదించుకుంది. ఆ సవరణను పార్లమెంటులో సమర్థించిన న్యాయశాఖ మంత్రి బాబాసాహెబే.

పూణెలో, బొంబాయిలో ముద్దాయిల పక్కన నిలబడిన బారిస్టర్ ఈసారి సర్కారు వైపు నిలబడ్డారు. దేశవిభజన గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి, మతకలహాలు రెచ్చగొట్టే రాతల భయం నిజమైనదే. అయినా నాకు ఆ సవరణ మింగుడు పడదు. సెలెక్ట్ కమిటీ దశలో "సహేతుకమైన" అనే మాట చేర్చారు కాబట్టి కొంత నయం. ఆంక్ష సహేతుకమా కాదా అని అడిగే అధికారం కోర్టులకు మిగిలింది. ఈ విషయంలో 1934 నాటి అంబేద్కర్ పక్షాన నిలబడి 1951 నాటి అంబేద్కర్‌తో వాదిస్తాను. ఆయన్ని చదివినవాడికి ఆ స్వేచ్ఛ ఉందనే నా నమ్మకం.

ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో చూడండి. ఫేస్‌బుక్‌లో రాసినందుకు జనాన్ని జైల్లో వేసిన ఐ.టి. చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు మన కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ చలమేశ్వర్ గారు. రాజద్రోహం సెక్షన్‌ను 2022 మేలో అదే కోర్టు పక్కన పెట్టించింది. కానీ 2024 జూలై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో దాని పోలికలతో 152వ సెక్షన్ కూర్చుంది. పరువు నష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే, 499 పోయి 356 వచ్చింది. నంబర్లు మారాయి.

ఆ నంబర్ల కింద ఎవరు పడుతున్నారో కోర్టు వరండాలో రోజూ చూస్తున్నాను. పెద్ద సంపాదకులు కాదు, మండల విలేకరులు. జీతం ఉండదు, లైను లెక్కన వచ్చేది పెట్రోలుకు చాలదు. ఇసుక మీదనో, రేషన్ బియ్యం మీదనో వార్త రాస్తే కేసు పడుతుంది. సమన్లు అందిన మర్నాడే "అతను మా ఉద్యోగి కాడు" అని పత్రిక చేతులు దులుపుకుంటుంది. ఆ కుర్రాళ్ళలో హాస్టళ్ళలో చదివి వచ్చిన వాళ్ళు తక్కువేమీ కాదు. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ దాని కార్యాలయం ఉంటుంది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిస్తే చాలు. నా దగ్గరికి వచ్చిన విలేకరుల్లో ఈ సంగతి తెలిసినవాడు ఇప్పటిదాకా ఒక్కడే.

ఈ దారిలో మన తెలుగు గడ్డ మీద నడిచిన వాళ్ళు లేకపోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న పత్రికలు నడిపారు. కారంచేడు ఘోరం తర్వాత 1985లో బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి బాధితుల వైపు వచ్చారు. "పోలీసులు అరెస్టు చేస్తే" అని ఆయన రాసిన చిన్న పుస్తకం లా చదవని వాళ్ళ కోసమే. మన హాస్టల్ లైబ్రరీలో లేదని తెలిసి ఈసారి రెండు కాపీలు తెస్తున్నాను. బీరువాలో పెట్టి తాళం వేయకండి.

ఇంటర్ పూర్తయ్యేవాళ్ళు అయిదేళ్ళ లా కోర్సుకూ, డిగ్రీ అయినవాళ్ళు మూడేళ్ళ కోర్సుకూ లాసెట్ రాయవచ్చు. పాత ప్రశ్నపత్రాలు నా దగ్గర ఉన్నాయి, వార్షికోత్సవం రోజు పట్టుకొస్తాను. నేను చెప్పిన మండల విలేకరుల కేసుల్లో ఒకటి వచ్చే నెల వాయిదాకి ఉంది. రాసింది రేషన్ బియ్యం గురించి, ఫిర్యాది డీలరు కాదు, డీలరు బావమరిది. పూణె కేసు నోట్సు మళ్ళీ తీసి చదువుతున్నాను.